సమానంగా పోసిన గ్లాసులు

సూరత్‌లో బీరు పువ్వుతో పని చేశానంటే మా చుట్టాల్లో ఎవరూ నమ్మరు. మందు ముట్టుకుంటే కేసు పెట్టే రాష్ట్రంలో నీకేం పని తల్లీ అని నవ్వుతారు. నేనూ వాళ్లతో పాటు నవ్వి ఊరుకుంటాను. ప్రతిసారీ మొదటి నుంచి చెప్పుకొచ్చే ఓపిక లేదు. అందుకే ఒక్కసారి రాసి పెడుతున్నాను.

హాప్స్ అనేది ఒక తీగకు పూసే పచ్చటి పువ్వు. చలి దేశాల్లో కోసి, ఎండబెట్టి, పొడి చేసి, పశువుల దాణాలాగా చిన్న గుళికలుగా ఒత్తి, గాలి తీసేసిన వెండి రంగు సంచుల్లో మనకు పంపుతారు. బీరుకు చేదూ వాసనా దానివల్లే వస్తాయి. బియ్యంలో ఉన్నట్టే అందులోనూ రకాలున్నాయి. కాస్కేడ్ అనే రకాన్ని అరచేతుల మధ్య నలిపితే పంపరపనస తొక్కను గోటితో గిల్లినట్టు ఉంటుంది. సాజ్ దగ్గర ఎండుగడ్డి, కాస్త మిరియం. హల్లర్‌టౌ మెత్తటిది, నిన్న దేవుడి పటానికి పెట్టి ఇవాళ తీసేసిన పూల వాసన. ఏ రకమైనా సరే, చల్లటి గదిలో పెట్టకుండా వేడికి వదిలేస్తే కుళ్లు నెయ్యి వాసన కొడుతుంది, విప్పిన మేజోళ్ల వాసన కొడుతుంది. సంగారెడ్డి వైపు ఒక బీరు ఫ్యాక్టరీ ల్యాబులో ఇరవై రెండేళ్లు నా పని ఇదే. పువ్వు నలపడం, వాసన చూడడం, రాయడం. పెళ్లయిన కొత్తలో మా అత్తగారు నా చేతులు చూసి, సబ్బుతో రెండుసార్లు కడుక్కుంటే గాని వంటింట్లోకి రానిచ్చేది కాదు.

వాసన ఉంటుంది అని రాస్తున్నాను గాని, నా వరకు అది ఎప్పటి మాటో. కరోనా ఏడాది జ్వరం వచ్చినప్పుడు నా ముక్కు పోయింది. మా ఇంట్లో అందరికీ పోయింది, అందరికీ తిరిగొచ్చింది. నాకు రాలేదు. ఫ్యాక్టరీలో కొన్ని నెలలు జ్ఞాపకం మీద నెట్టుకొచ్చాను. సంచి మీద పేరు చూసి, ఆ రకానికి ఏం రాయాలో అది రాసేదాన్ని. ఇక లాభం లేదు, ఎక్కడో దొరికిపోతాను అనుకుంటున్న సమయానికి రైల్వేలో ఉన్న మా ఆయనకు సూరత్ బదిలీ వచ్చింది. బదిలీ వంక పెట్టుకుని ఉద్యోగం మానేశాను. పూలదండ వేసి పంపారు. మా ల్యాబుకు ముక్కు పోయినట్టే అని పెద్దసారు అంటే అందరూ చప్పట్లు కొట్టారు, నేను తల వంచుకుని కూర్చున్నాను.

అమ్రోలిలో ఇల్లు. రెండేళ్లు ఖాళీగా కూర్చున్నాను. పొద్దున్నే పాలు విరిగాయో లేదో మా ఆయన వాసన చూసి చెప్పి డ్యూటీకి వెళ్లేవాడు. పోపు మాడితే పొగ కళ్లకు తగిలాకే తెలిసేది. ఆ రెండేళ్లలో నన్ను ఎవరూ ఏదీ అడగలేదు. అదే అన్నిటికంటే బాధగా ఉండేది.

అప్పుడు కామ్‌రేజ్ నుంచి ఒక సేఠ్ కబురు పెట్టాడు. మా ఆయన ఆఫీసులో ఎవరో చెప్పారట, ఫలానా వాళ్ల ఆవిడ బీరు ల్యాబులో చేసిందని. సేఠ్‌ది తాతల నాటి మగ్గాల కుటుంబం. సగం మగ్గాలు అమ్మేసి, ఆ షెడ్డులో కొత్త వ్యాపారం పెట్టాడు. బార్లీని మొలకెత్తించి ఉడికించిన తియ్యటి నీళ్లలో హాప్స్ వేసి, పులియనివ్వకుండానే గ్యాస్ ఎక్కించి సీసాల్లో పోయడం. చూడటానికి బీరు, తాగితే సోడా. అనుమతులన్నీ ఉన్నాయి. తాను జన్మలో మందు చుక్క ముట్టలేదనీ, ఇంట్లో ఉల్లిపాయ కూడా రానివ్వరనీ, ఈ పువ్వుల్లో ఏది మంచిదో తనకెలా తెలుస్తుందనీ అన్నాడు. నన్ను బెన్, అంటే అక్కా, అని పిలిచాడు, ముక్కు మీ దగ్గర ఉంది అన్నాడు. అక్కడే చెప్పేయాల్సింది. నోటి దాకా వచ్చింది. ఇంతకాలానికి ఒకరు నన్ను అడిగారన్న సంతోషం ఆ మాటను వెనక్కి తోసేసింది. సోమవారం నుంచి వస్తానన్నాను.

ఆ రాత్రి మా ఆయన ఒకటే మాట అన్నాడు, వాళ్లంతట వాళ్లు కనిపెట్టక ముందే నువ్వు చెప్పెయ్ అని. నాకు కోపం వచ్చి రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

నా దగ్గర ఒక ఉపాయం ఉంది మరి. వాసన చూడటానికి నా ముక్కే అక్కర్లేదు, పద్ధతి ఉంటే చాలు. ల్యాబుల్లో మూడు గ్లాసుల పరీక్ష అని ఒకటుంటుంది. ఒక్కో మనిషి ముందు మూడు గ్లాసులు పెడతారు. రెండింట్లో ఒకే సరుకు, మూడోదాంట్లో వేరేది. వేరేది ఏదో పట్టుకోవాలి. గుడ్డిగా చెప్పినా ముగ్గురిలో ఒకరి లెక్క సరిపోతుంది. అంతకంటే బాగా ఎక్కువ మంది పట్టుకుంటే తేడా ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. మనుషుల్ని కూర్చోబెట్టి నేను కాగితం మీద గీతలు గీస్తే చాలు.

మనుషులు పక్క షెడ్డులో దొరికారు. సేఠ్ తమ్ముడి మగ్గాలు ఇంకా నడుస్తున్నాయి, అక్కడ పనిచేసే వాళ్లలో సగం మంది మన కరీంనగర్, జగిత్యాల వైపు పల్లెల వాళ్లు. వాళ్లలో పెద్దాయన ఒకడున్నాడు, ముప్పై ఏళ్లుగా ఇక్కడే మగ్గం నడుపుతున్నాడు. కల్లు నోట్లో పోసుకుంటే పోద్దాటిదా పండుదాటిదా, అంటే మగ తాడిదా ఆడ తాడిదా, పొద్దటిదా మాపటిదా చెప్తానని అన్నాడు. ఇంకేం కావాలి. ఆయన్నీ, ఇంకో ఐదుగురినీ రోజూ పొద్దున షిఫ్టు దిగగానే అరగంట రమ్మన్నాను. టీ, వేడి వేడి లోచో నేనిస్తాను. లోచో అంటే ఇక్కడి వాళ్లు శనగపిండితో చేసే మెత్తటి ఉప్మాలాంటిది, మనవాళ్లు దానికి బాగా అలవాటు పడ్డారు.

మొదటి రోజు అట్టపెట్టెలు అడ్డం పెట్టి ఒక్కొక్కరినీ విడివిడిగా కూర్చోబెట్టాను. పద్ధతి అదే. కాని బడిలో శిక్ష వేసినట్టుంది మేడమ్ అని నొచ్చుకున్నారు. మూతులు ముడుచుకుని తాగుతుంటే నాకే జాలేసింది. మర్నాడు పెట్టెలు తీసేసి ప్యాకింగు గదిలో తాటిపత్రి, అదే టార్పాలిన్ పట్టా, పరిచాను. గుండ్రంగా మఠం వేసుకుని కూర్చున్నారు. గ్లాసులు పెట్టేసి నేను పక్క గదిలోకి వెళ్లిపోయేదాన్ని. జవాబు తెలిసినవాళ్లు ఎదురుగా ఉండకూడదు, ముఖం చూసి కనిపెట్టేస్తారు. ఆ నియమం ఒక్కటి మాత్రం తు.చ. తప్పకుండా పాటించాను.

మూడు వారాలు పెట్టాను. సాజ్‌కీ కాస్కేడ్‌కీ తేడా చెప్పలేకపోయారు. హల్లర్‌టౌకీ కాస్కేడ్‌కీ కూడా అంతే. ఆరుగురిలో ఇద్దరు, ఒక్కోరోజు ఒకరు, ఒక్కోరోజు ముగ్గురు. గుడ్డిగా చెప్పినా వచ్చే లెక్కే. చివరి వారం అసలైనది పెట్టాను. సేఠ్‌కు ఎవరో దళారి చవకగా కాస్కేడ్ ఇస్తానన్నాడు, మాదిరికి చిన్న సంచి పంపాడు. మా చల్లటి గదిలో ఉన్న తాజా కాస్కేడ్‌కీ దీనికీ తేడా ఉందా అన్నది ప్రశ్న. ఆరు రోజులు పరీక్షించాను. ఏ తేడా లేదు.

పొద్దున్నే వాళ్లు వెళ్లాక నేల తుడిచే మనిషి విసుక్కునేది, ఈ జిగురేంటి, ఈ చీమలేంటి అని. తాటిపత్రి పక్కన ఆరు చోట్ల చిన్న చిన్న మరకలు ఉండేవి. తాగేటప్పుడు ఒలికి ఉంటాయిలే అనుకున్నాను. దగ్గరికెళ్లి చూసే ఓపిక లేకపోయింది. రోజూ షేర్ ఆటోలో అమ్రోలి నుంచి కామ్‌రేజ్ దాకా వచ్చి వెళ్లేసరికే ఒళ్లు హూనమయ్యేది.

నివేదిక రాసిచ్చాను. తేడా లేదు, చవకది తీసుకోవచ్చు. సేఠ్ చదివి, మీరు కూడా వాసన చూశారు కదా బెన్ అని అడిగాడు. చూశాను అన్నాను. సంతకం పెట్టాను.

పది రోజుల తర్వాత సరుకు దిగింది. పెద్ద పెద్ద అట్టపెట్టెలు. సేఠ్ సరదా పడి మొదటి సంచి తానే కత్తిరించాడు. కత్తిరించగానే ముఖం వెనక్కి లాక్కున్నాడు. సంచి నాకు అందించాడు. నేను పాత అలవాటు కొద్దీ రెండు గుళికలు అరచేతిలో వేసుకుని నలిపి, చేతుల దోసిట్లో ముక్కు పెట్టి గట్టిగా పీల్చాను. గాలి వచ్చింది, అంతే. సేఠ్ నా ముఖం వంకే చూస్తున్నాడు. ఏదో ఒకటి అనాలి.

బాగుంది అన్నాను.

ఆయన సంచిని మళ్లీ ఒకసారి వాసన చూశాడు. మా ఇంట్లో నెయ్యి చెడిపోతే ఇలాగే ఉంటుంది, కాని నేను తాగేవాణ్ణి కాదుగా, నాకేం తెలుసు, మీరు చెప్తే సరే అన్నాడు. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అన్నాడు. తేలు కుట్టిన దొంగలాగా నిలబడ్డాను. ఇంటికెళ్లే దారంతా తపతీ వంతెన మీద, ట్రాఫిక్‌లో, అదే మాట చెవిలో మోగింది. కుళ్లు నెయ్యి. హాప్స్ గురించి అక్షరం ముక్క తెలియని మనిషి, పుస్తకంలో రాసి ఉన్నట్టు సరైన మాట అన్నాడు. నేను బాగుంది అన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను. అన్నం తినలేదు, ఎందుకని మా ఆయన అడిగితే తలనొప్పి అన్నాను.

మరి ఆ ఆరుగురికీ ఎందుకు తెలియలేదు? అదే అర్థం కాలేదు. మర్నాడు పొద్దున ఆ ఆరుగురినీ మళ్లీ పిలిచి, తాజా కాస్కేడుతో రెండు, కొత్త సరుకుతో ఒకటి, మనిషికి మూడు గ్లాసులు పోసి పెట్టాను. ఈసారి పక్క గదికి పోలేదు. గోడ దగ్గరే నిలబడ్డాను. వాళ్లు నా వంక చూసి కొంచెం సర్దుకున్నారు, తర్వాత మామూలైపోయారు.

ముందు పెద్దాయన మూడు గ్లాసుల్లోంచీ తలా రెండు చుక్కలు నేల మీద వంచాడు. మిగతావాళ్లూ వంచారు. కల్లు తాగే ముందు మైసమ్మకు పోసే సాక అది. చీమల సంగతి అప్పుడు తెలిసింది. తర్వాత ఆయన అందరి గ్లాసుల వంకా ఒకసారి కలయజూశాడు. పక్క షెడ్డులో మగ్గాలు ఆడుతుంటే నేల అదురుతుంది, నురుగు లేస్తుంది, దిగుతుంది. దిగాక ఒక గ్లాసులో నిండుగా, ఒక గ్లాసులో వెలితిగా ఉంటాయి. ఆయన నిండుగా ఉన్నది ఎత్తి వెలితిగా ఉన్నదాంట్లో పోశాడు. మళ్లీ ఇందులోంచి అందులోకి. ఒక్కొక్కరి ముందుకూ జరిగి, మూడు గ్లాసులూ కంటి ఎత్తుకు పట్టుకుని, గీత గీసినట్టు సమానమయ్యే దాకా అటూ ఇటూ వంచాడు. ఎంత శ్రద్ధగా చేశాడంటే, మా ల్యాబులో కూడా ఎవరూ అంత శ్రద్ధగా కొలవరు. ఆ తర్వాతే తాగారు.

అక్కడే ఒక పెట్టె మీద కూర్చున్నాను. రోజూ ఇలాగే చేస్తున్నారా అన్నా అని అడిగాను.

"రోజు గిట్లనే మేడమ్. నురుగు దిగినంక ఒక గిలాసల తక్కువైతది. ఎవ్వలకు తక్కువ కావద్దు గద. అండ్ల ఇంకోటి, కొల్త జూసి ఇదే వేరేది అని చెప్తే అది మోసమైతది. పరీక్ష పరీక్ష లెక్కుండాలె."

కల్లు మండువలో కూర్చుంటే ఎవరి వంతు ఎవరికీ తగ్గకూడదు. చిన్నప్పటి నుంచి వాళ్ల చేతులకు ఉన్న అలవాటు అది. పైగా నా పరీక్షకు అన్యాయం జరగకూడదని కూడా చూసుకున్నారు. నియమం పేరుతో పక్క గదిలో కూర్చున్నది నేను. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. లేచి వెళ్లి కొత్త సంచిలోంచి గుప్పెడు గుళికలు తెచ్చి ఆయన చేతిలో పోశాను, వాసన చూడమన్నాను.

తంబాకు నలిపినట్టు బొటనవేలితో నలిపాడు. ముక్కు దాకా తీసుకెళ్లకుండానే చెయ్యి దూరం పెట్టాడు.

"ఇది మక్కిపోయింది మేడమ్. మీ ఆఖరి వారం పరీక్షప్పుడు గూడ వచ్చింది ఈ వాసన. గిలాస ముందల వెట్టంగనే కొడ్తది. కలిపినంక అన్నిట్ల అంతో ఇంతో వస్తది."

మరి చెప్పలేదేం అన్నాను. ఏది వేరేదో చెప్పమన్నరు గాని, ఎట్లున్నదో మీరు అడగలేదు గద అన్నాడు. అది నిజం. నా చీటీ మీద ఒకే ప్రశ్న ఉంది. ఎలా ఉంది అని అడిగితే, వాళ్లు చెప్పిన జవాబు నేను సరిచూడాలి. సరిచూడలేను కాబట్టే ఆ ప్రశ్న పెట్టలేదు. ఈ సంగతి నాకు నేను ఒప్పుకున్నది అప్పుడే.

మిగతావాళ్లు టీ కోసం లేచారు. పెద్దాయన లేవలేదు. చేతిలో పొడిని కాగితంలో దులిపి, పొట్లం కట్టి, నా దగ్గరికి జరిగాడు.

"చెల్లె, నీకు వాసన వస్తలేదా?"

అప్పటి దాకా మేడమ్ అన్న మనిషి చెల్లె అన్నాడు. మా ఆయనకు తప్ప ఎవరికీ చెప్పని మాట. పాత ల్యాబులో చెప్పలేదు, మా అమ్మకు చెప్పలేదు.

"వస్తలేదన్నా. మూడేండ్లైంది."

ఆయన అయ్యో అనలేదు. మగ్గాల చప్పుడుకు తన ఎడమ చెవి ఎప్పుడో పోయిందనీ, మగ్గాల సేఠ్ ఆ పక్క నుంచి పిలిస్తే వినపడక చాలాసార్లు తిట్లు తిన్నాననీ, చెప్తే పనిలోంచి తీసేస్తారని ఎనిమిదేళ్లుగా మనుషుల మూతులు చూసి మాట అర్థం చేసుకుంటున్నాననీ చెప్పాడు. గ్లాసులు ముందు పెట్టేటప్పుడు నేను సరుకు వైపు కాకుండా ఎప్పుడూ వాళ్ల ముఖాలే చూస్తుంటానట. తనూ అదే చేస్తాడు కాబట్టి పట్టుకున్నాడట. ఈ మాటలన్నీ మామూలుగా, టీ చల్లారిపోతోంది అన్నట్టుగా చెప్పాడు.

అదే రోజు సేఠ్ గదికి వెళ్లాను. పరీక్ష తప్పుగా జరిగిందని ముందు చెప్పాను. అక్కడితో ఆపితే సరిపోయేది, తప్పు వాళ్ల మీదికి పోయేది. వాళ్లు గ్లాసులు కలిపారు, నాకేం తెలుసు అంటే సేఠ్ నమ్మేవాడు. ఒక్క క్షణం ఆ దారి కనిపించింది కూడా. పెద్దాయన చెవి గుర్తొచ్చింది. వాళ్ల తప్పు కాదు, వాసన నాకు రాదు, నివేదిక మీద అబద్ధం సంతకం పెట్టాను అన్నాను. హిందీలో చెప్పడం వల్ల కొంచెం తేలికైంది. తెలుగులో అయితే ఏడ్చేదాన్నేమో.

సేఠ్ నా నివేదిక బయటికి తీసి సంతకం వంక చూశాడు. తర్వాత, సంచి కోసిన రోజే నాకు వాసన తెలిసింది బెన్, మీరు పెద్దవాళ్లని నా ముక్కును నేనే నమ్మలేదు అన్నాడు. తప్పు నాదే కదా, ఆ మాట ఆయన ఎందుకు అనాలి. విప్పని పెట్టెలు వెనక్కి తీసుకుంటారేమో దళారిని కనుక్కుంటానన్నాడు. నన్ను ఉంచుతాననీ అనలేదు, మానెయ్యమనీ అనలేదు. రేపు ఒకసారి పద్ధతి ప్రకారం చేసి చూపించండి, తర్వాత చూద్దాం అన్నాడు.

మర్నాడు మందుల సిరంజితో కొలిచి పోశాను. నురుగు పూర్తిగా దిగే దాకా ఆగాను. సాక గ్లాసుల్లోంచి కాకుండా విడిగా ఒక చిన్న గిన్నెలోంచి పోసుకోమన్నాను, సంతోషంగా ఒప్పుకున్నారు. ఎవరి గ్లాసులు వాళ్లవే, కలపడం లేదు అని పెద్దాయనే అందరికీ చెప్పాడు. నేను లెక్కకు మనిషికి మూడే పోశాను. తీరా చూస్తే తాటిపత్రి మీద ఇంకో మూడు గ్లాసులున్నాయి. పెద్దాయన నా సీసాల్లోంచి నాలాగే సిరంజితో కొలిచి, నాకని పోసి పెట్టాడు. గ్లాసుల అడుగున, ఏది ఏదో రాసిన చీటీలు కూడా పెట్టాడు. కూసో అని పక్కకు జరిగాడు.

కూర్చున్నాను. మోకాళ్లు నొప్పెట్టాయి. సేఠ్ గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్నాడు. అందరితో పాటు మొదటిది తాగాను, రెండోది తాగాను, మూడోది తాగాను. ప్రతి గుక్కకూ కళ్లు మూసుకుని, పంపరపనస తొక్కను తలుచుకుని, ఎక్కడైనా ఒక పోగు తగులుతుందేమోనని చూశాను. చేదు తగిలింది, గ్యాస్ తగిలింది.

కాగితాలు తీసుకుని గీతలు గీశాను. ఆరుగురిలో ఐదుగురు సరిగ్గా పట్టుకున్నారు. ఐదుగురూ పక్కనే కుళ్లు నెయ్యి అనో, మక్కింది అనో, సాక్సు అనో రాశారు. ఒకరిది మాత్రం తప్పింది. ఏడో కాగితం నాది. దాని మీద ముందు అలవాటుగా రెండో గ్లాసుకు టిక్కు పెట్టబోయి, చెయ్యి ఆపుకుని, మూడూ ఒకటే అని రాసి కింద సంతకం పెట్టాను. ఏడు కాగితాలూ కలిపి సేఠ్ చేతికిచ్చాను.